సీలు విప్పని పచ్చ తెరకు

పద్నాలుగు అంగుళాల పచ్చ తెరా!

నీ అట్టపెట్టె మీద ఒక గొడుగు బొమ్మ, ఒక గాజు గ్లాసు బొమ్మ, పైకి చూసే రెండు బాణాలు. తడవద్దు, పగలొద్దు, తలకిందులు కావద్దు. పుట్టినప్పుడు నీకు చెప్పి పంపిన సుద్దులు ఈ మూడే. మూడూ పాటించావు. బ్రౌన్ టేపు అంచులు ఎండి పైకి లేచాయి గానీ నడుమ ఇంకా పట్టు వదల్లేదు. అట్ట ఒక మూల చెమ్మ తిని మెత్తబడింది. చీటీ మీద సిరా వెలిసిపోయి, నిన్ను చేసిన కంపెనీ ఏదో కూడా చదవడం కుదరడం లేదు. నీతో పాటు ఫ్యాక్టరీ గుమ్మం దాటిన నీ తోబుట్టువులు బ్యాంకుల్లో, మిల్లు ఆఫీసుల్లో, టైపు ఇన్‌స్టిట్యూట్ల పక్కన వెలిసిన కంప్యూటర్ సెంటర్లలో బల్లలెక్కి కూర్చున్నాయి. జీతాల పట్టీ, నూలు బేళ్ళ లెక్క, వడ్డీ పద్దు చూపించి చూపించి, పొద్దస్తమానం ఒకే మెనూ వెలిగీ వెలిగీ ఆ గీతలు పూత మీద మచ్చలై మిగిలి, ఎప్పుడో కాటా ఎక్కాయి. నీ మీద మాత్రం ఒక్క అక్షరమూ పడలేదు.

నిన్ను పొగడాలని ఉంది. కానీ మనవాళ్ళ ఆనవాయితీలో దేవుడికన్నా ముందు స్థలపురాణం వస్తుంది. అదే ముందు చెబుతాను.

నువ్వు దొరికింది కోయంబత్తూరులో. నల్లరేగడి నేల, పత్తి పంట, పత్తి చుట్టూ మిల్లులు, మిల్లుల చుట్టూ పోతపని కార్ఖానాలు, మోటారు పంపులు. ఈ వరసలో అడుగడుగునా ఇంటి మాట తెలుగైన కుటుంబాలు తగులుతాయి. విజయనగరం కాలంలో, ఆ తర్వాత నాయకరాజుల కాలంలో దక్షిణానికి దిగినవాళ్ళ సంతతి. పీళమేడు, గణపతి, ఆవారంపాళయం, కలంగల్: ఊళ్ళ పేర్లు తమిళం, గడప దాటి లోపలికి వెళితే తెలుగు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టాడు. 1926లో పీళమేడులో పీఎస్‌జీ అన్నదమ్ములు నలుగురు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి రాశారు. 1951లో లేచిన పీఎస్‌జీ ఇంజనీరింగ్ కాలేజీ ఆ ఐదో వాటా చెట్టుకు కాసిన కాయే. దాని తొలి ప్రిన్సిపాల్ జి.ఆర్. దామోదరన్ విజ్ఞానశాస్త్రం కోసమే ఒక పత్రిక పెట్టాడు. దాని పేరు కలైక్కదిర్, భాష తమిళం. ఇది తప్పని నేననను. చదివేవాళ్ళు ఏ భాషలో ఉంటే రాత ఆ భాషలోకి పోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పని ఉంది.

కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు కథ ఇక్కడ పిల్లలందరికీ తెలుసు. ఒక దొర నడిపే మోటారు సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో వడ్డన పని చేసి డబ్బు కూడబెట్టి, ఆ బండి కొన్నాడు. కొన్నాక ఎక్కి తిరగడానికి ముందే నట్టూ బోల్టూ విప్పి నేల మీద పరిచి, మళ్ళీ బిగించాడు. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలోనే మొదటిదని ఊరంతా చెప్పుకుంటారు. ఏ వస్తువైనా విప్పితేనే మనది అయ్యేది అనుకునే ఊరు ఇది. విదేశాల్లో పాత సరుకు పోగుచేసేవాళ్ళు టేపు ఊడని పెట్టెకే ఎక్కువ వెల కడతారు, గాజు అల్మారాలో పెట్టి చూసుకుంటారు. వాళ్ళ ముచ్చట వాళ్ళది. కోయంబత్తూరులో సీలుకు అంత మర్యాద లేదు.

ఇక్కడ తెలుగువాళ్ళంటే మిల్లు యజమానులే అని చాలామంది లెక్క. అది సగం లెక్క. ఈ ఊరి వీధులు ఊడ్చే, కాలువలు తీసే, తోలు కుట్టే అరుంధతీయుల్లో ఎందరి ఇళ్ళలోనో మాట తెలుగే. ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య ఎంత దూరం ఉండగలదో చూడాలంటే ఎవరైనా ఈ ఊరు రావాలి.

నువ్వు దొరికిన తుక్కు అంగట్లో ఆ ఇద్దరూ ఉన్నారు. యజమాని ఒకప్పుడు మిల్లులో వైర్‌మన్. మిల్లు మూతపడ్డాక ఆ మిల్లు మోటార్లే తూకానికి కొని అంగడి తెరిచాడు. నాకు దూరపు వరసన మామ అవుతాడు. ట్యూబులు విడగొట్టే పని చేసేది ఒక పెద్దామె. ఆమె ఆయన్ను "మొదలాళీ" అంటుంది, తమిళంలో పిలిచినట్టే. తిట్టుకునేటప్పుడు మాత్రం ఇద్దరూ తెలుగులోనే తిట్టుకుంటారు. ఆమె తెలుగూ ఆయన తెలుగూ ఒకటి కాదు. రెండూ నా తెలుగు కాదు. నాకు అక్షరాలు పెద్దయ్యాక, వాచకం కొనుక్కుని దిద్దితే వచ్చాయి. అందుకే నా వాక్యాలు కాస్త ఇస్త్రీ చేసినట్టుంటాయని మామ వెక్కిరింపు.

నిన్ను కనిపెట్టింది నేను కాదు, ఆమె. మూతపడిన ఏదో మిల్లు గోదాము ఖాళీ చేస్తే వచ్చిన లోడులో, విరిగిన కుర్చీలకూ ఫైళ్ళ బీరువాకూ అడుగున నువ్వూ, నీలాంటిది ఇంకొకటీ వచ్చాయి. లోడు దించేవాళ్ళకు పెట్టె అంటే పెట్టె. ఆమె ఊపి చూసింది. లోపల ఏదీ గలగల్లాడలేదు. థర్మోకోల్ బిగువు చేతికి తెలిసింది. "ఇది ఎవురూ వాడింది కాదు మొదలాళీ, పగలగొట్టేదానికి సేతులు రాలే" అని పక్కకు నెట్టి, పైన గోనెసంచి కప్పింది. ఆ గోనెసంచే ఈ స్తోత్రానికి మూలం.

ఆమె రోజూ చేసే పని చూస్తే నువ్వు ఎంత దగ్గరగా తప్పించుకున్నావో తెలుస్తుంది. వెనక డొప్ప ఊడదీస్తుంది. ట్యూబు మెడ చివర పిన్నుల నడుమ బొట్టంత గాజు మొన ఉంటుంది. ప్లయరుతో దాన్ని చిదుపుతుంది. సన్నటి ఈల ఒకటి వినిపిస్తుంది. ఏ దేశంలోనో, ఏ ఏడాదిలోనో బయటికి తోడేసిన గాలికి బదులు ఈ ఊరి గాలి లోపలికి పోతున్న చప్పుడు అది. ఈల ఆగేదాకా ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆ ముందు జాగ్రత్త లేకుండా సుత్తి వేస్తే ట్యూబు లోపలికి కూలి, గాజు పెంకులు ఎగిరి కంటికి కొడతాయి. తర్వాత మెడ చుట్టూ ఉన్న రాగి చుట్ట లాగుతుంది. దానికే అసలు డబ్బు. రాగి ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప, బోర్డులు ఒక కుప్ప. గాజును మాత్రం ఎవరూ అడగరు. రంగుల ట్యూబుల గరాటు గాజులో దాదాపు ఐదో వంతు సీసపు ఆక్సైడే. లోపల పుట్టే ఎక్స్ కిరణాలు మనుషుల మీదికి రాకుండా కలిపిన సీసం అది. వెనకటికి పాత ట్యూబు గాజు కరిగించి కొత్త ట్యూబుకు పోసేవారు. సామ్‌టెల్ వంటి కంపెనీలు పిక్చర్ ట్యూబులు చేయడం మానేశాక ఆ దారి మూసుకుపోయింది. ఈ-వ్యర్థాలకు మన దేశంలో తొలి నిబంధనలు 2011లో వచ్చి 2012 మే నుంచి అమలయ్యాయి. 2016లో ఒకసారి, 2022లో ఇంకోసారి తిరగరాశారు. వాటి ప్రకారం ఈ పని అనుమతి ఉన్న చోట, తొడుగులు వేసుకుని, ధూళి లాగే యంత్రాల కింద చేయాలి. ఆమెకు ఉన్నది పాత చీర ముక్క ఒకటి, మూతికి కట్టుకోవడానికి. నిన్ను పొగిడే నోటితో ఇది చెప్పకపోతే స్తోత్రం అబద్ధం అవుతుంది.

ఇప్పుడు నీ అవయవాలకు ఒక్కొక్కదానికీ నమస్కారం.

నీ లోపలి ఖాళీకి నమస్కారం. గాలంతా తోడేసి, మూతి కరిగించి మూసిన గాజు బుర్ర నీది. పత్తి నూగు, పోతపని పొగ, పాలక్కాడు కనుమలోంచి ఆడి మాసంలో తోసుకొచ్చే గాలి, అన్నీ నీ చుట్టూ తిరిగాయి. నీ ఒంటి మీద చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున వాతావరణం నొక్కుతూనే ఉంది. ఏ సందూ ఇవ్వలేదు నువ్వు.

నీ మెడలోని వెండి మచ్చకు నమస్కారం. అది బేరియం పూత. ఎంత తోడినా మిగిలిపోయే చిటికెడు వాయువును పీల్చుకునే కాపలాదారు. ట్యూబు నిక్షేపంగా ఉంటే ఆ మచ్చ తళతళలాడుతుంది. గాలి దూరితే పాలిపోయి తెల్లబడుతుంది. పాత టీవీ మెకానిక్కులు టార్చి వేసి ముందుగా చూసేది అక్కడే.

నీ కాథోడుకు నమస్కారం. 1897లో స్ట్రాస్‌బర్గ్‌లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ ఇలాంటి ట్యూబులో కిరణాన్ని అయస్కాంతంతో అటూ ఇటూ కదిలించి చూశాడు. కరెంటు ఎలా ఎగిరి పడుతుందో కంటికి చూపించడానికి చేశాడు గానీ, దాని మీద ఎవరో పద్దులు రాస్తారని ఆయన అనుకుని ఉండడు. వేడెక్కిన చిన్న మూత నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. మెకానిక్కులు ఈహెచ్‌టీ అనే ట్రాన్స్‌ఫార్మరు పది వేల వోల్టులకు పైబడి లాగుతుంది. అవి వచ్చి గాజు లోపలి పూతకు తగులుతాయి. తగిలిన చోట వెలుగు.

నీ రాగి చుట్టకు నమస్కారం. కిరణాన్ని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నడిపించేది అదే. నిన్ను చంపాక డబ్బు కోసం పెరికేదీ అదే.

నీ పచ్చ పూతకు నమస్కారం. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌తో పాటు అమ్మిన పచ్చ మానిటర్‌లో పీ39 అనే పూత వాడింది. కిరణం దాటిపోయాక కూడా కొంతసేపు వెలుగు పట్టి ఉంచే పూత. అక్షరం చెరిపేస్తే తక్షణం పోదు. దాని నీడ ఒకటి తెర మీద కాస్త తచ్చాడి వెళుతుంది. నీ జాతి తెరల ముందు కూర్చున్నవాళ్ళకు ఆ తచ్చాట తెలుసు. పేజీ కిందికి జరుపుతుంటే పాత వాక్యాలు కొత్త వాక్యాల వెనక పచ్చగా జారిపోయేవి. దాన్ని లోపం అన్నవాళ్ళున్నారు. నాకైతే ఆ పూతలో అంతకన్నా గొప్ప గుణం కనబడదు.

ఎందుకంటే నీ మీద రాసింది ఏదీ నిలిచేది కాదు. తాటాకు మీద ఘంటం ఒక్కసారి గీస్తే చాలు, మసి పూస్తే వందల ఏళ్ళు పడి ఉంటుంది. నీ ఘంటం ఎలక్ట్రాన్ల ముల్లు. అది సెకనుకు 18,000కు పైగా అడ్డగీతలు గీస్తుంది. తెరనంతా 50 సార్లు నింపుతుంది. ఎవరూ ఏమీ టైపు చేయకపోయినా, మనిషి లేచి కాఫీకి వెళ్ళినా, ఉన్న అక్షరాన్నే మళ్ళీ గీస్తుంది, మళ్ళీ గీస్తుంది. ఒక్క క్షణం మానేస్తే చీకటి. కదలకుండా కనబడే అక్షరం నిజానికి కదలిక తప్ప మరేమీ కాదు.

మదురైలో మా అమ్మమ్మ ఇంట్లో తెలుగు అలాగే ఉండేది.

మదురైకి తాటాకు ఘనత తక్కువేమీ కాదు. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736లో మీనాక్షితో ముగిసిన ఆ రాజ్యంలో కొలువు భాష తెలుగు. విజయరంగ చొక్కనాథుడు, 1706 నుంచి 1732 దాకా ఏలినవాడు, తానే శ్రీరంగ మాహాత్మ్యాన్నీ మాఘ మాహాత్మ్యాన్నీ తెలుగు వచనంలో రాశాడు. ఆయన దగ్గర కొలువు చేసిన సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని వచనంలోకి తెచ్చాడు. తెలుగులో కావ్యమంటే పద్యమే అని అందరూ అనుకునే రోజుల్లో, విడి వచనానికి పీట వేసింది కృష్ణా గోదావరీ తీరాలు కాదు, మదురై నాయకుల కొలువు. ఈ సంగతి తెలుగు రాష్ట్రాల పిల్లల పాఠాల్లో ఒక వరుసకు మించి రాదు. నేను ఇప్పుడు రాస్తున్న ఈ వచనానికి తాతలు ఎవరని అడిగితే నేను మదురై వైపే చూపిస్తాను.

ఇంకో మాట. మదురైలో తుక్కు వ్యాపారం కూడా రాజులనాటిదే. 1636 ప్రాంతంలో తిరుమల నాయకుడు కట్టించిన మహలును ఆయన మనవడు చొక్కనాథుడు విప్పించి, రాజధాని మార్చినప్పుడు చాలా భాగం తిరుచిరాపల్లికి మోయించాడని చెబుతారు. తాత కట్టిన ఇంటిని స్పేర్ పార్టులకు వాడుకున్న మనవడు! మిగిలిన ముక్కకే ఇప్పుడు టికెట్ పెట్టి, రాత్రిపూట రంగు దీపాలు వేసి చూపిస్తున్నారు. ఆ స్తంభాల కింద నిలబడి తల ఎత్తితే మెడ నొప్పి పుడుతుంది. పోయిన ముక్కలు ఎంత పెద్దవో ఊహకు కూడా అందదు.

రాజ్యం పోయాక కొలువు పోయింది, కొలువుతో రాయసగాళ్ళు పోయారు, బడులు రాలేదు. అక్షరం జారిపోయింది. మాట మాత్రం ఉంది. ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. తెలుగు కుటుంబాలు వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను ఆయన గోపల్ల గ్రామం అనే నవలగా తమిళంలో రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన వలస కథ మనకు తెలియాలంటే తమిళం చదవాలి. ఆయన్ను తప్పు పట్టడానికి నోరు రాదు. నోట్లో ఉన్న భాషకు చేతిలో అక్షరం లేనప్పుడు చేతికి వచ్చిన అక్షరంతో రాస్తారు.

మా అమ్మమ్మకు అ ఆలు రావు. తమిళం కూడబలుక్కుని చదివేది. తెల్లారి లేస్తే "పొయ్యి మీద పాలు పొంగతా ఉండాయి సూడే" దగ్గర మొదలై, రాత్రి "తలుపు గడియ ఏసినావా" దాకా ఇంట్లో అంతా తెలుగే. నిన్న అన్నదే ఇవాళ, ఇవాళ అన్నదే రేపు. కొత్త మాట ఒక్కటి చేరేది కాదు. కరెంటు, బస్సు, ఓటు అన్నీ తమిళం గుండానే వచ్చాయి. ఆమె వాటిని పట్టించుకోలేదు. పాతవాటినే గీసింది. వింటూ పెరిగిన మా అమ్మ మళ్ళీ గీసింది. ఏ పుస్తకం దన్నూ లేకుండా, ఏ ప్రభుత్వం జీతమూ లేకుండా, తెర ఆరిపోకుండా అన్ని తరాలు.

ఇక నీ మీద తెలుగు అక్షరం పడడం ఎంత కష్టమో చెప్పాలి. దీనికి నువ్వు బాధ్యురాలివి కాదు. నీ జాతికి ఐబీఎం వేసిన గళ్ళ లెక్క ఇది: అడ్డంగా 80 గళ్ళు, నిలువుగా 25 వరసలు. ఒక్కో గడి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు. అందులో ఇంగ్లిషు పెద్ద అక్షరం 7 చుక్కల వెడల్పున, 9 చుక్కల ఎత్తున సుఖంగా కూర్చుంటుంది. పైనా కిందా కాళ్ళు చాపుకోవడానికి చోటు మిగులుతుంది. ఇప్పుడు అదే గదిలో "స్త్రీ" అనే మాటను కూర్చోబెట్టు. స పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, దాన్ని చుట్టుకుంటూ ర ఒత్తు. మూడంతస్తుల మేడను పద్నాలుగు చుక్కల ఎత్తు గదిలోకి తోయాలి. పైగా మన అక్షరాలకు మూలలు ఉండవు, అన్నీ గుండ్రాలే. చుక్కలతో గుండ్రం గీస్తే మెట్లు మెట్లుగా వస్తుంది.

ఈ కష్టం మనకొక్కరికే కాదని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. థాయ్ అక్షరాలకు కూడా పైనా కిందా గుర్తులుంటాయి. అమెరికాలో డాక్టరేట్ చేస్తున్న వాన్ సువన్నుకుల్ అనే థాయ్ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసాన్ని తన లిపిలో ఐబీఎం పీసీ మీద రాసుకోవాలనుకున్నాడు. ఉన్న కార్డులేవీ పనికి రాలేదు. 1982లో తానే ఒక కార్డు తయారుచేశాడు. అదే హెర్క్యులిస్ గ్రాఫిక్స్ కార్డు. ఒక్క రంగే, కానీ 720 చుక్కల వెడల్పు, 348 చుక్కల ఎత్తు, ప్రతి చుక్కనూ విడిగా వెలిగించవచ్చు, ఆర్పవచ్చు. తర్వాత ప్రపంచమంతా లెక్కల పటాలకు వాడుకుంది, నకళ్ళు లక్షల్లో అమ్ముడుపోయాయి. మొదలు మాత్రం ఒక మనిషికి తన ఇంటి అక్షరం మీద ఉన్న ఆశ. పచ్చ తెరా, నీ తొమ్మిది పిన్నుల ప్లగ్గు అలాంటి కార్డు కోసమే కాచుకుని ఉంది.

మన దేశంలో కాన్పూరు ఐఐటీలో 1980లలో మొదలైన పని, తర్వాత పుణేలోని సీడాక్‌కు వెళ్ళి జిస్ట్ కార్డు అయింది. ఆ కార్డు గుచ్చితే ఇంగ్లిషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు, తమిళం, దేవనాగరి వచ్చేవి. 1991లో మన లిపుల కోసం ఇస్కీ ప్రమాణం వచ్చింది, అదే ఏడాది యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు గదులు కేటాయించారు. ఇవాళ ఫోన్‌లో బొటనవేలితో "స్త్రీ" కొడతాం, ఎవరూ ఆశ్చర్యపోరు. అయ్యో, ఇంత కష్టాన్ని ఇంత త్వరగా మరిచిపోయామే అని నాకు అప్పుడప్పుడూ దిగులు.

మా ఇంట్లో ఒక పాత 286 కంప్యూటర్ ఉంది, దాంట్లో హెర్క్యులిస్ తరహా కార్డు. దాన్ని స్కూటరు మీద కట్టుకుని అంగడికి తెచ్చాను. పెట్టె విప్పుదామంటే మామ ఒకసారి నా ముఖం చూసి, ఒకసారి పెట్టె చూసి, "విప్పితే సగం రేటుకు పోతాదంట, ఫోన్‌లో సూసినా" అన్నాడు. "మామా, నువ్వు వైర్‌మన్‌వి. వెలుగుతాదో లేదో తెలియని వస్తువును ఎట్ల అమ్ముతావు?" అన్నాను. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కత్తి తీసి టేపు మీద తానే గీత పెట్టాడు.

థర్మోకోల్ కిర్రుమంది. పాలిథీన్ సంచి లోపల నువ్వు. బయట వెలిసిన గోధుమ రంగు తెరలను చూసి చూసి, నీ అసలు రంగు ఇంత తెల్లనిదని నాకు తెలియదు. ప్లగ్గు పిన్నులకు గీత లేదు. గాజు మీద ఎవరి వేలి ముద్రా లేదు. నేను వేలు పెట్టబోతే ఆమె కసిరింది: "మసి సేతుల్తో ముట్టాకు!" చీర కొంగుతో తానే తుడిచింది, తుడవాల్సినది ఏమీ లేకపోయినా.

నిన్ను నేరుగా కరెంటుకు తగిలించలేదు. ఇన్నేళ్ళు పడుకున్న కండెన్సర్లు ఒక్కసారిగా 230 వోల్టులు తాగితే పేలతాయి. మామ సీరీస్ బోర్డు తెచ్చాడు. చెక్క మీద హోల్డరు, హోల్డరులో నూరు వాట్ల పాత బల్బు, దాని గుండానే నీకు కరెంటు. స్విచ్చి వేయగానే బల్బు భగ్గుమంది. లోపల షార్టు ఉంటే అది అలాగే వెలుగుతూ ఉంటుంది. ముగ్గురం బల్బునే చూస్తూ నిలబడ్డాం. మెల్లగా మసకబారి, ఎర్ర తీగ మాత్రం మిగిలింది. "తాగతా ఉండాది" అన్నాడు మామ, దూడకు పాలు పట్టినవాడిలా. ఆ పూటంతా బల్బు మీదే ఉంచి, పొద్దు వాలాక నేరుగా ఇచ్చాం. మెడలో నారింజ రంగు చుక్క రాజుకుంది. వెండి మచ్చ తళుక్కుమంటూనే ఉంది. గాజు ముందు చేయి పెడితే వెంట్రుకలు లేచాయి. పచ్చటి పొగ ఒకటి తెరంతా నిండి, ముడుచుకుని, ఎడమ పైమూలలో చిన్న గీత అయి కొట్టుకోసాగింది.

నీ మీద పడిన మొదటి అక్షరాలు ఇంగ్లిషువే. మెమరీ లెక్కపెట్టుకునే అంకెలు, ఎర్రర్ మాట ఒకటి. అది కంప్యూటర్ జాతి లక్షణం, దానికేం చేస్తాం. క్విక్‌బేసిక్ ఎక్కించి, హెర్క్యులిస్ డ్రైవరు నడిపి, స్క్రీన్ 3 అని కొట్టాను. గళ్ళు పోయి చుక్కలు వచ్చాయి. గళ్ళ కాగితం మీద ముందే గీసుకున్న లెక్క ప్రకారం ఒక్కో చుక్కా పెట్టుకుంటూ అ వేశాను. వంకర వచ్చింది, అయినా అ.

"ఏంది అది? జిలేబి మాదిరి ఉండాది" అంది ఆమె.

"మన అక్షరం" అన్నాను.

"మనకు అక్షరం ఉండాదా?" అనలేదు. ఆమెకు ఆ నాటకీయం తెలియదు. "అట్లయితే నా పేరు ఎయ్యి" అంది, అంతే.

మామ అడ్డం వచ్చాడు: ముందు పీళమేడు అని వేయాలి, అది వాళ్ళ ఊరు. పీ, ళ, మే, డు. ఒత్తులు లేవు, తొందరగానే అయిపోయింది. చదవడం రాకపోయినా నాలుగు అక్షరాలు వేలితో లెక్కపెట్టుకుని, సరిపోయిందని తల ఊపాడు. తర్వాత ఆమె పేరు. అందులో రెండు ఒత్తులున్నాయి. ఒకటి అక్షరం కింద సర్దుకుంది. రెండోది పక్క అక్షరాన్ని గుద్దుకుంటోంది. ఐబీఎం గడిలో అయితే అది పట్టేది కాదు. ఇక్కడ గడి లేదు. వరస కిందికి ఇంకో ఆరు చుక్కలు తీసుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని ముందుకు వచ్చి కూర్చుంది. సగం పేరు వెలిగి ఉండగా ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టింది. లేవలేదు.

"రెండో పెట్టె ఎప్పుడు విప్పుదాం మామా?" అన్నాను.

"అది విప్పేది లేదు" అన్నాడు. "నీ మాదిరి పిచ్చోడు ఇంకొకడు వస్తాడు. వానికి రేటు వేరే."

ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "గోనెసంచి కప్పింది నేను మొదలాళీ. ఆ రేటులో నాకెంతో ఇప్పుడే సెప్పు."

మామ నా వైపు చూశాడు. నేను ఒత్తు కింద చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను.